గోడలోని చప్పుడును నమ్మినవాళ్లకు నా కృతజ్ఞతలు

కథ పూర్తయింది. కొత్త ఇంట్లోకి మారిన ఒక తల్లి, ఆమె కొడుకు, ఆ ఇంటి కర్రలోనూ గోడల్లోనూ పరుపుల్లోనూ దాగిన పురుగులు. ఇలాంటి భయానక కథ ఒకటి రాస్తున్నాను, తెలిసినవాళ్లు సాయం చేయండి అని అడిగినప్పుడు ఒకరో ఇద్దరో పలుకుతారనుకున్నాను. ఇంతమంది ఇంత ఓపిగ్గా చెబుతారనుకోలేదు. విడివిడిగా అందరికీ జవాబులు రాశాను. అయినా అందరి ముందూ చెప్పాల్సిన మాటలు కొన్ని మిగిలే ఉన్నాయి. ఈ కథలో చదివేవాళ్ల ఒళ్లు జలదరించే చోట్లు చాలావరకు నా ఊహలోంచి వచ్చినవి కావు, మీరు ఇచ్చినవి. ఎవరు ఏమిచ్చారో అందరికీ తెలియాలి.

మొదట కీటకశాస్త్రం బోధించే మేడమ్ గారికి. కథలో తల్లికి రాత్రిళ్లు పైకప్పు దూలాల్లోంచి చప్పుడు వినిపించాలి. అలా చప్పుడు చేసే పురుగు నిజంగా ఉంటుందా అన్నదే నా మొదటి ప్రశ్న. ఆవిడ ఒకటి కాదు, మూడు చెప్పారు.

ఒకటి యూరప్‌లో కనిపించే డెత్‌వాచ్ బీటిల్ అనే పెంకు పురుగు. జతను పిలవడానికి అది తలను కర్రకేసి టకటకా కొడుతుంది. పూర్వం చావుబతుకుల్లో ఉన్నవాళ్ల మంచం పక్కన రాత్రంతా మేలుకుని కూర్చున్నవాళ్లకు, ఇల్లంతా సద్దుమణిగాక ఆ టకటక వినిపించేది. దాంతో అది చావు కబురని నమ్మేవారు. ఇంతకంటే కథకు ఏం కావాలి అని నేను సంబరపడుతుంటే ఆవిడే ఆపారు. ఆ పురుగు తేమకు పుచ్చిన పాత ఓక్ లాంటి గట్టి కర్రను ఇష్టపడుతుంది, మీ కథలో ఇల్లు కట్టి నిండా పదేళ్లు కాలేదు కదా అన్నారు.

రెండోది చెద. చెదల్లో సైనికులుంటాయి. పుట్టకో సొరంగానికో ఏదైనా తగిలిందంటే అవి తలలను నేలకేసి కొడతాయి. ఆ అదురు మిగతావాటికి హెచ్చరిక. చెద పట్టిన తలుపును తట్టి, చెవి ఆనించి వింటే లోపల ఎండుటాకులు కదిలినట్టు వినిపిస్తుందట. ఈ ముక్క విన్న రోజు మా ఇంట్లో తలుపులన్నీ తట్టి చూశాను.

కథకు సరిగ్గా సరిపోయింది మూడోది. హౌస్ లాంగ్‌హార్న్ అనే పొడవాటి మీసాల పెంకు పురుగు. పైన్ లాంటి మెత్త జాతి కర్ర పగుళ్లలో గుడ్లు పెడుతుంది. రెక్కల పురుగుగా అది బతికేది కొన్ని వారాలే. దాని పిల్ల పురుగు మాత్రం కర్ర లోపలే 3 నుంచి 10 ఏళ్ల దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలం కూడా తింటూ బతుకుతుంది. పైపొర జోలికి రాదు. పలచటి పొరను అలాగే వదిలేసి లోపలంతా పొడి చేస్తుంది. బాగా ఎదిగిన పురుగు నములుతుంటే ఆ చప్పుడు మనిషి చెవికి వినపడుతుంది. పైగా ఇది పాత ఇళ్లకంటే కొత్త ఇళ్లలోనే ఎక్కువగా బయటపడుతుంది. కర్ర ఇంకా నిల్వలో ఉన్నప్పుడే గుడ్లు పడిపోయి ఉండొచ్చు. అంటే పునాది తీయకముందే ఆ ఇంట్లో ఎవరో కాపురం మొదలుపెట్టేశారన్నమాట. ఈ ఒక్క సంగతితో కథ ఎక్కడ మొదలవ్వాలో నాకు తెలిసిపోయింది. కొత్త ఇల్లు కాబట్టి ఏ బాధా ఉండదని కొడుకు అనడం, ఆ మాట అంటున్నప్పుడే పైన దూలంలో నమలడం. మొదటి పేజీ అదే. మేడమ్, ఆ పేజీ మీది.

ఇదే చోట ఒక వడ్రంగి గారికి కూడా థాంక్స్ చెప్పాలి. ఆయన పెద్దగా ఏమీ రాయలేదు. పురుగు తిన్న దూలం ముక్క ఫొటోలు పంపారు. పైన కోడిగుడ్డు ఆకారంలో చిన్న రంధ్రాలు, చీల్చిన వైపు గోధుమపిండి లాంటి పొడి. కింద ఒకే వాక్యం: "చూసి నమ్మకండి, స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడండి." కథ మధ్యలో తల్లి స్టూలెక్కి చేసే పని అదే. మొన ఆగకుండా పిడి దాకా దిగిపోతుంది. ఆ పేరా చదివిన ప్రతి ఒక్కరూ దాని గురించే మాట్లాడారు.

ఇక పెస్ట్ కంట్రోల్ పని చేసే అన్న. నీకు ఎంత చెప్పినా తక్కువే అన్నా. పని అయిపోయాక, అలసిపోయి ఇంటికి చేరాక కూడా నా ప్రశ్నలకు వాయిస్ మెసేజ్‌లు పంపావు. తేనెటీగల గోడ సీన్ పూర్తిగా నువ్వు పెట్టిన భిక్ష.

అన్న చెప్పింది ఇది. గోడ సందులో తేనెపట్టు ఉందని తెలిస్తే చాలామంది మందు కొట్టి ఈగల్ని చంపించి, రంధ్రం సిమెంటుతో మూసేస్తారు. ఇక పని అయిపోయిందనుకుంటారు. తేనెటీగలు బతికున్నంతకాలం రెక్కలతో విసురుతూ, నీళ్లు తెచ్చి చిలకరిస్తూ పిల్లలున్న భాగాన్ని 34, 35 డిగ్రీల దగ్గర నిలబెడతాయి. ఆ పట్టు బతికున్న గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. ఈగలు చచ్చాక ఆ పట్టును చల్లగా ఉంచే దిక్కు లేదు. ఎండలు ముదిరాక మైనం మెత్తబడి అరలు తెగిపోతాయి. తేనె గోడలోకి ఇంకి, పెయింటు మీద మరకై, బొట్లు బొట్లుగా కిందికి జారుతుంది. చచ్చిన ఈగలూ పిల్ల పురుగులూ కుళ్లిన వాసన ఒకవైపు, తేనె తియ్యటి వాసన ఇంకోవైపు. ఆ వాసనకు చీమలొస్తాయి, బొద్దింకలొస్తాయి, మైనం తినే చిమ్మెటల పురుగులు పుట్టుకొస్తాయి. అప్పుడు గోడ పగలగొట్టడం తప్ప మార్గం ఉండదు.

నా కథలో ఆ ఇంట్లో మొదట ఉండి వెళ్లిపోయినవాళ్లు చేసింది సరిగ్గా ఇదే. చంపించారు, మూయించారు, రంగు వేయించారు, అమ్మేశారు. తల్లి ఆ గోడకు చెయ్యి ఆనించినప్పుడు వేలికి అంటుకున్నదేమిటో చెప్పకుండానే ఆ అధ్యాయం ముగించాను. దెయ్యం లేదు, శాపం లేదు. దాచిపెట్టి అమ్మిన మనుషులున్నారంతే. నాకు ఈ రకం భయమే ఎక్కువ నచ్చుతుంది. పుస్తకం మూశాక కూడా మనతో వచ్చేది ఇదే.

అన్న ఇంకో సంగతి కూడా చెప్పాడు, దాన్ని కథలో పెట్టలేదు. కాంక్రీటు గచ్చు కింద మురుగు పైపు పగిలితే ఆ నానిన మట్టిలో ఫోరిడ్ అనే సన్నటి ఈగలు పెరుగుతాయి. గచ్చు పగుళ్లలోంచి, పైపుల చుట్టూ ఉన్న సందుల్లోంచి పైకొస్తాయి. ఎగరడం కంటే పరుగెత్తడమే ఎక్కువ. ఇంటివాళ్లు నెలల తరబడి సింకులు, చెత్తబుట్టలు కడుక్కుంటూనే ఉంటారు. కారణం మాత్రం కాళ్ల కింద ఉంటుంది. ఇదే కుటుంబంలోని ఒక ఈగ నేలలోకి దిగి పాతిపెట్టిన శవపేటికల దాకా చేరుతుంది, దాని పేరే కాఫిన్ ఫ్లై. ఇది విన్నాక రెండు రోజులు గచ్చు వైపు చూడలేకపోయాను. కానీ ఒకే ఇంటి మీద ఇన్ని బాధలు పడేస్తే చదివేవాళ్లు నమ్మడం మానేస్తారు. దీన్ని ఇంకో కథకు దాచుకున్నాను.

అన్న నన్ను ఒక్కటే కోరాడు. కథల్లో మా పనివాళ్లను నవ్వించడానికో, మొదట చంపడానికో పెడతారు, నువ్వు అలా చేయకు అన్నాడు. చేయలేదు. ఈ కథలో ఆ తల్లి మాటను మొట్టమొదట నమ్మేది పెస్ట్ కంట్రోల్ చేసే మనిషే. అతను వచ్చి, చెప్పులు విప్పి, ముందు ఆమెను కూర్చోమని, ఎప్పటి నుంచి వినిపిస్తోందమ్మా అని అడుగుతాడు. ఆ ప్రశ్న కూడా నువ్వు నిజంగా ఇళ్లల్లో అడిగేదే అని చెప్పావు. అందుకే ఒక్క అక్షరం మార్చలేదు.

చర్మవ్యాధుల డాక్టర్ గారి సాయం వేరే రకం. కథలో తల్లి తన ఒంటి మీద ఏదో పాకుతోందంటుంది. కొడుకు ఆస్పత్రికి తీసుకెళ్తాడు. ఆమె తను ఏరి దాచిన వాటిని ఒక చిన్న డబ్బాలో పెట్టుకుని వస్తుంది. అక్కడ డాక్టర్ ఏమంటారు, ఏం చేస్తారు అని అడిగాను. పురుగులు లేకపోయినా ఉన్నాయని గట్టిగా నమ్మే జబ్బు ఒకటి ఉందని ఆవిడ వివరించారు. స్వీడన్ వైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బామ్ 1938లో దాని గురించి రాశారు, అందుకే ఎక్‌బామ్ సిండ్రోమ్ అని కూడా అంటారు. ఆ రోగులు దారపు పోగులు, చర్మపు పొట్టు, దుమ్ము అగ్గిపెట్టెలో పెట్టుకుని సాక్ష్యంగా తెస్తారు. డాక్టర్లలో దానికి 'మ్యాచ్‌బాక్స్ సైన్' అని పేరే పడిపోయింది. ఆ జబ్బు గానీ పురుగులు గానీ లేకుండా కూడా చీమలు పాకినట్టు అనిపించవచ్చు. నెలసరి ఆగే వయసులో, విటమిన్ బి12 తగ్గినప్పుడు, కొన్ని మందుల వల్ల అలా ఉంటుంది.

ఇంతవరకూ చెప్పి ఆవిడ ఒక మాట గట్టిగా అన్నారు. "నిజంగా నల్లులున్నవాళ్లు కూడా అలాగే డబ్బాలో పెట్టుకునే వస్తారు. డబ్బా చూసి జబ్బు పేరు రాసేయకూడదు. మూత తీసి, లెన్స్ కింద పెట్టి చూశాకే నోరు తెరవాలి."

నా కథలో డాక్టర్ ఆ మూత తీయడు. డబ్బాను బల్ల మీద పక్కకు జరిపి, కొడుకు వైపు తిరిగి, అమ్మగారికి నిద్ర సరిపోతోందా అని అడుగుతాడు. తల్లి పక్కనే కూర్చుని ఉంటుంది. తన వృత్తిలోని మనిషిని అలా చూపిస్తే ఈ డాక్టర్ గారు బాధపడతారేమోనని ముందుగా ఆ పేజీ పంపాను. బాధగా ఉంది, కానీ ఉంచండి, ఇలా జరుగుతుంది అన్నారు. కథంతటిలో పురుగు ఒక్కటీ కనపడని సీన్ ఇదొక్కటే. అన్నిటికంటే భయపెట్టేది ఇదేనని చదివినవాళ్లు చాలామంది అన్నారు. డాక్టర్ గారూ, మీ నిజాయితీకి నా నమస్కారం.

ఇప్పుడు అక్క గురించి. పేరు రాయొద్దన్నారు, రాయను.

అక్క ఇంట్లో కొన్నేళ్ల కిందట నల్లులు పడ్డాయి. ఇల్లు మారిన కొత్తలో. నల్లుల గురించిన సమాచారం నాకు మేడమ్ గారు ముందే చెప్పారు. మనం వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడును, ఒంటి వేడిని పట్టుకుని వస్తాయి, ఐదు పది నిమిషాలు రక్తం తాగి పరుపు కుట్టుల్లోకో మంచం కీళ్లలోకో వెళ్లిపోతాయి, గుడ్డు నుంచి పెద్దదయ్యే లోపు ఐదు దశల్లో ప్రతి దశకూ రక్తం కావాలి, తిండి లేకుండా నెలల తరబడి ఓర్చుకోగలవు. ఇవన్నీ కాగితం మీద రాసుకున్నాను. అక్క చెప్పింది మాత్రం ఏ కాగితంలోనూ లేదు.

ఒకే మంచం మీద పడుకునే ఇద్దరిలో అక్క చేతుల మీద దద్దుర్లు, ఆయన ఒంటి మీద మచ్చ కూడా లేదు. నల్లి కాటుకు కొందరి చర్మం అసలు స్పందించదు, కొందరికి కొన్ని రోజుల తర్వాత గానీ దద్దురు తేలదు. అప్పట్లో వాళ్లిద్దరికీ ఈ సంగతి తెలియదు. నీకే ఎందుకు కుడతాయి, నాకెందుకు కుట్టవు అని ఆయన అడిగేవారట. కోపంగా కూడా కాదు, జాలిగా. ఆ జాలి భరించలేకపోయేదాన్ని అన్నారు అక్క. చుట్టాలను రావొద్దనేవారు. ఎవరింటికీ వెళ్లేవారు కాదు, తన బట్టల్లో ఏమైనా వెళ్తుందేమోనని. ఇల్లు శుభ్రంగా ఉంచుకోలేదని అంటారేమోనన్న సిగ్గు. నల్లులకు శుభ్రమైన ఇల్లూ మురికి ఇల్లూ ఒకటే, బ్యాగుల్లోనో వాడిన సామానుతోనో వస్తాయని ఎవరైనా ఒక్కరు చెప్పి ఉంటే సగం భారం తగ్గేది అన్నారు. తెల్లటి దుప్పటి పరుచుకుని, టార్చి దిండు కింద పెట్టుకుని, తెల్లవారుజామున లేచి చూసేవారు. ఒకరోజు దొరికింది. చిటికెన వేలి గోరంత కూడా లేని ఆ పురుగును గాజు సీసాలో వేసి, ఆయన్ను లేపి చూపించి, అక్క ఏడ్చారు. భయంతో కాదు, తనకు పిచ్చి లేదని తేలినందుకు.

ఈ మాట విన్నాక నా కథ దారి మారింది. అప్పటిదాకా నేను పురుగులు ఎలా బయటపడతాయన్న దాని చుట్టూ కథ నడుపుతున్నాను. అక్క చెప్పాక ఆ తల్లిని ఎవరు, ఎప్పుడు, ఎలా నమ్ముతారన్నదే కథ అయింది. కొడుకు పాత్రను మొదటి నుంచి మళ్లీ రాశాను. అతను చెడ్డవాడు కాదు. అమ్మంటే ప్రాణం. ఆమె చెప్పేది తప్ప అన్నీ వింటాడు.

ఇంకొకటి కూడా అక్క వల్లనే. నల్లులు పూర్తిగా పోయాక కూడా చాలాకాలం తనకు నిద్ర పట్టలేదట. లైటు తీసిన వెంటనే కాళ్ల మీద పాకినట్టుండేదట. ఇప్పటికీ ఎక్కడికైనా వెళ్తే ముందు పరుపు అంచు ఎత్తి చూడనిదే బ్యాగు కింద పెట్టరు. కాబట్టి మందు కొట్టించి, గోడ బాగుచేయించి, అందరూ హాయిగా ఉన్నారు అని కథ ముగించలేదు. అక్కా, అన్ని వివరాలు మళ్లీ గుర్తు చేసుకుని చెప్పడం మీకు ఎంత కష్టమైందో మధ్యలో మీ గొంతు ఆగినప్పుడల్లా తెలిసింది. ఆపేద్దామా అని అడిగితే, వద్దు, ఇంకెవరో నాలాగే ఒంటరిగా టార్చి పట్టుకుని కూర్చుని ఉంటారు, వాళ్ల కోసం రాయండి అన్నారు. వాళ్ల కోసమే రాశాను.

పురుగులంటే విపరీతమైన భయం ఉండి కూడా రాతప్రతి చదివి, ఎక్కడెక్కడ ఆగిపోవాల్సి వచ్చిందో గుర్తుపెట్టి పంపిన తమ్ముడికి ప్రత్యేకంగా థాంక్స్. నీ సలహాతోనే పుస్తకం మొదట్లో హెచ్చరిక పెట్టాను.

కథ గురించి విని "మా ఇంట్లోనూ ఇలాగే ఉంది" అని రాసినవాళ్లు కొందరున్నారు. మీకు అన్న, మేడమ్ గారు కలిసి చెప్పమన్నవి ఇక్కడే రాస్తున్నాను. ముందు ఒక్క పురుగునైనా పట్టుకోండి. పారదర్శకమైన టేపుకు అంటించినా చాలు. అదేమిటో తెలిసినవాళ్లకు చూపించాకే మందు సంగతి. పరుపు మీద కిరోసిన్, పొలం మందులు దయచేసి చల్లొద్దు, పురుగుకంటే ముందు మీకు హాని. గదిలో పొగ బాంబులు పెడితే ఆ మందు నల్లులు దాక్కున్న సందుల్లోకి సరిగా చేరదు. దుప్పట్లు, బట్టలు వేడి నీళ్లలో ఉతికి బాగా వేడిగా ఆరబెట్టండి. 50 డిగ్రీలు దాటిన వేడి తగినంత సేపు తగిలితే నల్లులే కాదు, గుడ్లు కూడా చస్తాయి. నల్లుల వల్ల మనుషులకు జబ్బులు అంటుకున్నట్టు ఆధారాలు లేవు, కాబట్టి ఆ టెన్షన్ ఒకటి తీసి పక్కన పెట్టండి. నమిలే చప్పుడు వినిపిస్తే వడ్రంగి గారి స్క్రూడ్రైవర్ ఉండనే ఉంది. ఇంట్లో ఎవరైనా ఏదో పాకుతోంది, ఏదో వినిపిస్తోంది అంటే టార్చి పట్టుకుని వాళ్ల పక్కన కూర్చోండి.

అచ్చు ప్రతులు రాగానే పైన చెప్పిన అందరికీ పంపుతాను. చిరునామా మారినవాళ్లు నాకు విడిగా తెలియజేయండి. అన్నా, నీ ప్రతి మీద సంతకం పెట్టమన్నావు కదా, నువ్వు కూడా నాకొక ప్రతి మీద సంతకం పెట్టి ఇవ్వాలి.